స్కూబా ట్రిప్‌కి వెయిట్లు: ఇంటి నుంచి ఏం తీసుకెళ్లాలి, అక్కడికెళ్లాక ఎలా సరిచూసుకోవాలి

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల నుంచి అండమాన్‌కో గోవాకో డైవింగ్‌కి బయల్దేరేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ సీసం గురించే, అంటే నీళ్లలో మునగడానికి నడుముకి కట్టుకునే సీసపు వెయిట్ల గురించే. “అన్నా, వెయిట్లు ఇక్కడినుంచే తీసుకపోవాల్నా? విమానంలో రానిస్తరా? బ్యాగు బరువు దాటితే ఎట్ల?” ఫోన్‌లో ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

ముందు జవాబు చెప్పేస్తాను: తీసుకెళ్లకండి. డైవ్ షాపులు సిలిండర్‌తోపాటు వెయిట్లు కూడా దాదాపు ఎప్పుడూ డైవ్ ధరలోనే కలిపి ఇస్తాయి. మీరు ముఖ్యంగా తీసుకెళ్లాల్సినవి రెండే: ఇష్టమైతే మీ కొలతకు సరిపోయే ఖాళీ బెల్టు, మీకు ఎన్ని కిలోలు సరిపోతాయో రాసుకున్న లెక్క. చాలామంది మొదటిదాని గురించి గంటసేపు అడుగుతారు, రెండోది అసలు పట్టించుకోరు. నీళ్లలోకి దిగాక ఇబ్బంది పెట్టేది రెండోదే.

ఇదంతా ఓపెన్ వాటర్ సర్టిఫికెట్, అంటే డైవింగ్‌లో మొదటి కోర్సు పూర్తి చేసిన సర్టిఫికెట్ ఉన్నవాళ్ల కోసం. మీరు మొదటిసారి సరదాగా ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని దిగే డైవ్‌కి వెళ్తుంటే వెయిట్ల సంగతంతా ఆయనే చూసుకుంటాడు. మీ ఒంటి బరువు నిజంగా ఎంతో చెప్పండి చాలు, తగ్గించి చెప్పకండి.

కావాల్సినవి

- నైలాన్ వెయిట్ బెల్టు, బకిల్‌తో సహా. షాపు బెల్టులు ఒక్కోసారి మరీ పొడుగు, లేదంటే బకిల్ వదులు. సొంతది ఉంటే మంచిదే, లేకపోయినా ఏం కాదు.
- బెల్టు మీద వెయిట్లు జరగకుండా ఆపే ప్లాస్టిక్ కీపర్లు, 2 లేదా 4.
- బ్యాగులు తూచే చిన్న డిజిటల్ స్కేల్, కొక్కెం ఉన్నది.
- డైవ్ లాగ్‌బుక్, అంటే చేసిన ప్రతి డైవ్ వివరాలూ రాసుకునే పుస్తకం. లేకపోతే మామూలు నోట్‌బుక్కే.
- మీ బీసీడీకి (గాలి నింపి, వదిలి తేలడాన్ని అదుపు చేసుకునే జాకెట్) వెయిట్లు పెట్టుకునే జేబులు ఉంటే ఆ జేబులు. ఇవి మర్చిపోయి వెళ్లారంటే అక్కడ మీ మోడల్‌కి సరిపోయేవి దొరకవు.

1. షాపుకి ముందే మెసేజ్ పెట్టండి

టికెట్లు బుక్ చేసిన రోజే పెట్టండి. అడగాల్సినవి ఇవి, హిందీలోనో ఇంగ్లీషులోనో మార్చి పంపుకోండి:

“నమస్తే. నేను ఓపెన్ వాటర్ డైవర్‌ని. ఫలానా తేదీల్లో మీ దగ్గర డైవ్ చేద్దామనుకుంటున్నాను. వెయిట్లు డైవ్ ధరలో కలిసే ఉన్నాయా? బెల్టు ఇస్తారా, బీసీడీ జేబుల్లో పెట్టేవా? అరకిలో, కిలో ముక్కలు ఉంటాయా? సిలిండర్లు అల్యూమినియమా, స్టీలా? వెట్‌సూట్ ఎన్ని మిల్లీమీటర్లది?”

వెట్‌సూట్ అంటే నీళ్లలో చలి ఆపే రబ్బరు సూట్, మిల్లీమీటర్లు దాని మందం. సిలిండర్ సంగతి అనవసరంగా అడుగుతున్నట్టు అనిపించవచ్చు, కాదు. మామూలుగా దొరికే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్ గాలి అయిపోయేకొద్దీ తేలిపోతుంది. స్టీలుది ఖాళీ అయినా మునిగే ఉంటుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి మారితే మీ బెల్టు మీద సుమారు 2 కిలోల తేడా వస్తుంది. మాల్దీవులకో థాయ్‌లాండ్‌కో వెళ్తుంటే వెయిట్ల మీద అంకె కిలోలా, పౌండ్లా అని కూడా అడగండి. పౌండు అంటే అరకిలో కూడా లేదు, 454 గ్రాములు. 4 అని రాసున్న ముక్క చూసి 4 కిలోలు అనుకుంటే బెల్టు సగానికి సగం తేలిక.

2. ఇంట్లోనే బ్యాగు తూచండి

వరంగల్ మామునూరులో విమానాలు ఎగిరేదాకా మనకు శంషాబాదే దిక్కు. అక్కడినుంచి దేశీయ విమానాల్లో మామూలు టికెట్ మీద చెక్-ఇన్ బ్యాగు సాధారణంగా 15 కిలోలు, చేతి బ్యాగు 7 కిలోలు. ఇప్పుడు మీ సామాన్లు లెక్కెయ్యండి. బీసీడీ 3 నుంచి 4 కిలోలు, రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) సుమారు 3, కాళ్లకు తొడుక్కునే ఫిన్స్ 2, వెట్‌సూట్ కిలోన్నర, మాస్కు, బూట్లు, టార్చి కలిపి ఇంకో కిలోన్నర. సొంత గేర్ మొత్తం ఉన్నవాళ్లకు బట్టలు పెట్టకముందే 11, 12 కిలోలు అయిపోయినట్టే. దానిమీద 5 కిలోల సీసం పెడితే కౌంటర్ దగ్గర ప్రతి అదనపు కిలోకీ కట్టాలి, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ. అక్కడ ఉచితంగా ఇచ్చే దానికి ఇక్కడ డబ్బు కట్టడం ఎందుకు?

తూచేటప్పుడు కొక్కెం స్కేల్‌కి బ్యాగు తగిలించి, నేలకు తాకకుండా ఎత్తి, అంకె నిలిచేదాకా ఆగండి. ఊగుతుంటే చూసిన అంకె నమ్మొద్దు. 15 దాకా నింపకుండా 13 దగ్గర ఆపండి, తిరిగొచ్చేటప్పుడు తడి సామాను ఉంటుంది.

టార్చి విడి బ్యాటరీలు, పవర్‌బ్యాంక్ చేతి బ్యాగులోనే పెట్టాలి, చెక్-ఇన్‌లో పెట్టకూడదు. డైవ్ కత్తి దీనికి తలకిందులు: చెక్-ఇన్‌లో తప్ప చేతి బ్యాగులో రానివ్వరు. రెగ్యులేటర్, డైవ్ కంప్యూటర్ ఖరీదైనవి కాబట్టి చేతి బ్యాగులో పెట్టుకోవడమే నా పద్ధతి.

3. మీకు ఎన్ని కిలోలు కావాలో అంచనా వేసుకోండి

పాత లాగ్‌బుక్ ఉంటే అదే మీ అంచనా, ఈ మెట్టు వదిలేయండి. లేదంటే ఇక్కడ మొదలుపెట్టండి:

- 3 మిల్లీమీటర్ల సూట్, సముద్రం, అల్యూమినియం సిలిండర్: ఒంటి బరువులో సుమారు 5 శాతం. 70 కిలోల మనిషికి మూడున్నర, అంటే 4 కిలోలతో మొదలు.
- 5 మిల్లీమీటర్ల సూట్: సుమారు 10 శాతం.
- సూట్ లేకుండా స్విమ్మింగ్ డ్రెస్, పల్చటి రాష్‌గార్డ్ (ఈత చొక్కా) మాత్రమే: 1 నుంచి 2 కిలోలు.

ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు మాత్రమే. సన్నగా కండపట్టి ఉన్నవాళ్లకు తక్కువ సరిపోతుంది, పొట్ట ఉన్నవాళ్లకు కొంచెం ఎక్కువ పడుతుంది. కొత్త సూట్ పాతదానికన్నా ఎక్కువ తేలుతుంది. అండమాన్ నీళ్లు వెచ్చగానే ఉంటాయి, అక్కడ 3 మిల్లీమీటర్ల సూట్ చాలామందికి చాలు.

కోర్సు స్విమ్మింగ్ పూల్‌లో చేసినవాళ్లకు ఒక మాట. ఉప్పునీరు మంచినీటికన్నా సుమారు రెండున్నర శాతం బరువు, అందుకే మనిషిని ఎక్కువ తేలుస్తుంది. మీరూ మీ గేరూ కలిపి 95 కిలోలు అనుకుంటే, అదే గేర్‌తో సముద్రంలో దాదాపు 2.4 కిలోలు ఎక్కువ కావాలి. అయితే పూల్‌లో వాడిన అంకెకు కళ్లుమూసుకుని ఇది కలిపేయకండి. మోకాళ్ల మీద కదలకుండా కూర్చోబెట్టడానికి కొత్తవాళ్లకు కోర్సులో కావాలనే ఎక్కువ వేస్తుంటారు.

హెచ్చరిక: అంకె తేల్చుకుందామని లక్నవరంలోనో పాకాలలోనో, ఊరి బయట క్వారీ గుంతలోనో బెల్టు కట్టుకుని దిగకండి. క్వారీ గుంత ఒడ్డు నిలువుగా తెగి ఉంటుంది, అడుగు కనపడదు, ఎక్కిరావడానికి పట్టు ఉండదు. నడుముకి సీసం కట్టుకుని అలాంటి నీళ్లలోకి దిగడం ఈతొచ్చినవాడికైనా ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

4. తీసుకెళ్లక తప్పదంటే

కొందరికి నిజంగానే అవసరం ఉంటుంది. సిలిండర్ పట్టీకి తగిలించే అరకిలో ముక్కలు మీ అలవాటుకి సరిగ్గా కుదిరి ఉండొచ్చు. మీరు వెళ్లే చోట షాపు లేకపోవచ్చు. లేదా కారులోనే పోతున్నారు, బరువు సమస్యే లేదు. అప్పుడు ఇలా:

చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి. చేతి బ్యాగులో సీసం ముద్దలు చూస్తే సెక్యూరిటీవాళ్లు ఆపుతారు. బరువైన లోహపు ముద్ద, పైగా ఎక్స్‌రే దాని గుండా పోదు, స్క్రీన్ మీద నల్లటి మచ్చలా కనపడుతుంది. ఇక లోపలికి రానివ్వాలా వద్దా అనేది అక్కడున్న అధికారి ఇష్టం. “ఇది డైవింగ్ సామాను సార్” అని వాదిస్తూ నిలబడితే విమానం వెళ్లిపోతుంది.

చెక్-ఇన్‌లో కూడా బ్యాగు తెరిచి చూపించమని పిలవొచ్చు. అందుకే వెయిట్లన్నీ ఒకే సంచిలో, తీయగానే కనపడేలా, ఫిన్స్‌కి ఆనించి పెట్టండి. నాలుగు మూలల్లో దాస్తే నాలుగు మచ్చలు, నాలుగుసార్లు వెతుకులాట. మాస్కు, డైవ్ కంప్యూటర్ దగ్గర అస్సలు పెట్టొద్దు. కిలో సీసం చూడ్డానికి స్నానపు సబ్బంతే ఉంటుంది గానీ, బ్యాగు కింద పడితే మాస్కు అద్దాన్ని పగలగొట్టేస్తుంది. చక్రాల వైపు, అడుగున ఉంచండి.

సీసం విషం. పూత లేని వెయిట్లు పట్టుకుంటే చేతులకు బూడిదరంగు మరక అంటుతుంది. దాన్ని సబ్బుతో కడిగాకే ఏదైనా తినాలి. ప్లాస్టిక్ పూత ఉన్నవి దొరికితే అవే కొనండి. సంక్రాంతి సెలవులకు వెళ్తూ అమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా పక్కనే ఈ సంచి పెట్టకండి. పిల్లల చేతికి ఆడుకోవడానికి అసలే ఇవ్వకండి.

ఇక “వేరే ఏదైనా పనికొస్తుందా” అనే ప్రశ్న. ఒకాయన అడిగాడు: “అన్నా, మా బామ్మర్దిది టైర్ల షాపు. వీల్ బ్యాలెన్సింగ్ చేసే సీసం ముక్కలు బోలెడున్నయి, కరిగించి పోసుకోవచ్చా?” వద్దు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇంటి పొయ్యి మీదే కరుగుతుంది, ప్రమాదమంతా అక్కడే. ఆ పొగ, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతాయి, వంటింట్లో పేరుకుంటాయి. తడి తగిలితే కరిగిన సీసం చిమ్మి ఒళ్లు కాలుస్తుంది. పాత బ్యాటరీల సీసమైతే యాసిడ్ కూడా తోడు. తయారుగా ఉన్నవే కొనుక్కోండి.

మిగతావి వరసగా చెప్పేస్తాను:

- నీళ్ల బాటిళ్లు: బయట కిలో తూగుతాయి, నీళ్లలో సున్నా. నీళ్లలో నీళ్లకు బరువెక్కడిది? ఇది చాలామంది చేసే తప్పు.
- గ్రానైట్ ముక్కలు, కంకర: కరీంనగర్‌లో కొదవలేదు గానీ, కిలో రాయి సముద్రంలో సుమారు 600 గ్రాముల పనే చేస్తుంది. అదే కిలో సీసం 900 గ్రాములకు పైగా చేస్తుంది. పైగా రాయిని బెల్టుకి గట్టిగా కట్టలేం.
- జిమ్ ప్లేట్లు, కిరాణా కొట్లో ఇనుప బాట్లు: కిలోకి సుమారు 870 గ్రాములు. లెక్కకి పర్వాలేదు. కానీ ఉప్పునీళ్లలో తుప్పు పడతాయి, బెల్టు ఎక్కవు.
- చేపల వలలకు కట్టే సీసపు గుళ్లు: గట్టి గుడ్డ సంచిలో కుట్టి వాడొచ్చు. కుట్టు ఊడితే గుళ్లన్నీ సముద్రం పాలు, ఆ సీసం అక్కడే ఉండిపోతుంది. నా ఓటు దీనికి లేదు.

5. దారిలో

రైలులో వెళ్తే బరువు గురించి టెన్షన్ తక్కువ. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో మనిషికి 40 కిలోలు, సెకండ్ ఏసీలో 50 కిలోలు ఉచితం. కాజీపేటలోనో వరంగల్‌లోనో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. రుషికొండ దగ్గర డైవింగ్ చేయించేవాళ్లు ఉన్నారు. అలా వెళ్లేవాళ్లు కావాలంటే సొంత వెయిట్లు తీసుకెళ్లొచ్చు, నేనైతే అప్పుడు కూడా తీసుకెళ్లను. పై బెర్తు మీద మాత్రం ఆ బ్యాగు పెట్టకండి, కింద పడుకున్నవాళ్ల తల గుర్తుంచుకోండి.

అండమాన్ అయితే పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక, అంటే 2024లో పేరు మార్చిన శ్రీ విజయపురంలో, మళ్లీ ఫెర్రీ ఎక్కి హావ్‌లాక్ వెళ్లాలి. 2018లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, డైవర్లు ఇంకా హావ్‌లాక్ అనే అంటారు. ఫెర్రీలో బ్యాగులు ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. అంటే మీ బ్యాగు ఎత్తుదించడం విమానంతో అయిపోలేదు. ఆటో, జెట్టీ, ఫెర్రీ, మళ్లీ ఆటో. 5 కిలోల సీసం ఎంత బరువో జెట్టీ మీద నడుస్తుంటే తెలుస్తుంది.

6. బెల్టు సరిగ్గా కట్టండి

మన దగ్గర కోర్సుల్లో దీనికి ఇచ్చే సమయం తక్కువ. అందుకే కాస్త వివరంగా.

వెయిట్ ముక్కకు రెండు చీలికలు ఉంటాయి. బెల్టు కొసని కింది వైపు నుంచి మొదటి చీలికలోకి పైకి తీయండి. రెండో చీలికలోకి దించేముందు బెల్టుని ఒక్క మెలిక తిప్పండి. తర్వాత కిందికి లాగి బిగించండి. ఆ మెలికే ముక్కని జారనివ్వదు. కీపర్లు ఉంటే మెలిక అక్కర్లేదు, ముక్కకు రెండువైపులా ఒక్కో కీపర్ చాలు.

ముక్కలు రెండు తుంటి ఎముకలకు పైన, కొంచెం ముందుకి, రెండువైపులా సమానంగా రావాలి. 5 కిలోలైతే కుడివైపు 2, ఎడమవైపు 2, మిగిలిన కిలో రెండు అరకిలోలుగా. సరిగ్గా వెన్నెముక మీద ఏ ముక్కా ఉండకూడదు, సిలిండర్ దానిమీద ఆనుతుంది, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. అంతా ఒకేవైపు వేస్తే నీళ్లలో ఆ పక్కకి ఒరుగుతూనే ఉంటారు.

బెల్టు ఎత్తేటప్పుడు బకిల్ లేని కొసని పట్టుకోండి. అప్పుడు ముక్కలు జారినా బకిల్ దగ్గర ఆగుతాయి. బకిల్ పట్టుకుని ఎత్తారా, కీపర్లు లేకపోతే రెండో కొసనుంచి ముక్కలు ఒక్కోటీ పడవలో మీ కాలివేళ్ల మీదో పక్కవాళ్ల కాళ్ల మీదో పడతాయి. కట్టుకున్నాక బకిల్ కుడిచేత్తో ఒక్క లాగుకి ఊడాలి. వేలాడే కొస జానెడు ఉంటే చాలు. మరీ పొడుగుంటే కత్తిరించి అంచుని నిప్పుతో కాల్చండి, పోగులు లేవవు. ఆ కొసని బెల్టు కిందికి దోపకండి, అవసరానికి ఊడదు. బీసీడీ పట్టీలు, సిలిండర్ పట్టీ అన్నీ బెల్టుకి పైన ఉండాలి. దాని దారికి ఏదీ అడ్డు రాకూడదు.

దిగేముందు మీ జోడీ డైవర్‌కి మీ బకిల్ ఎక్కడుందో చూపించండి, వాళ్లది మీరు చూడండి. జేబుల్లో పెట్టే రకమైతే జేబు పూర్తిగా లోపలికి పోయి టక్కున పట్టుకుందో లేదో లాగి చూడండి. సగం పట్టిన జేబు నీళ్లలోకి దూకగానే ఊడి అడుక్కి పోతుంది. మీరు పైకి తేలిపోతారు, షాపువాళ్లు దాని డబ్బు అడుగుతారు.

7. మొదటి డైవ్‌లోనే సరిచూసుకోండి

పడవ దిగగానే నేరుగా కిందికి పోకండి. మిమ్మల్ని కిందికి తీసుకెళ్లే డైవ్‌మాస్టర్‌ని “అన్నా, రెండు నిమిషాలు వెయిట్ చెక్ చేసుకుంటా” అని అడగండి, కాదనే మనిషి నాకు తగల్లేదు. పోర్ట్ బ్లెయిర్ వైపు తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, మీ అదృష్టం బాగుంటే తెలుగులోనే అడగొచ్చు.

పద్ధతి ఇది. సూట్ బాగా తడిసేదాకా ఆగండి, లోపల గాలి బుడగలు పోవాలి. నీళ్లలో నిలువుగా నిలబడండి. కాళ్లు ఆడించకండి, వీలైతే చీలమండలు ఒకదానిమీద ఒకటి వేసుకోండి. రెగ్యులేటర్ నోట్లో ఉండాలి. మామూలుగా ఊపిరి పీల్చి ఆపండి, బీసీడీలో గాలి మొత్తం వదిలేయండి. నీటిమట్టం సరిగ్గా మీ కళ్ల ఎదురుగా, మాస్కు అద్దం మధ్యలో ఊగుతుంటే బరువు సరిపోయింది. ఇప్పుడు ఊపిరి వదలండి, మెల్లగా మునగాలి. ఇది కొన్ని సెకన్ల పనే. ఊపిరి బిగపట్టడం పైన, ఈ పరీక్షకే. డైవ్ చేస్తున్నప్పుడు ఎప్పుడూ ఊపిరి బిగపట్టొద్దు.

- గడ్డం దాకా బయటే తేలుతున్నారా? కిలో కలిపి మళ్లీ చూడండి.
- ఊపిరి పీల్చుకుని ఉన్నా రాయిలా పోతున్నారా? కిలో తీసేయండి.

ఇది నిండు సిలిండర్‌తో చేసిన పరీక్ష. లోపలి గాలికీ బరువుంది. 11 లీటర్ల సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్ నుంచి 50 బార్‌కి వచ్చేసరికి సుమారు 2 కిలోల గాలి వాడేస్తారు, డైవ్ చివర్లో అంత తేలిక అవుతారు. అందుకని నిండు సిలిండర్‌తో కళ్లమట్టం వచ్చాక ఇంకో కిలోన్నర నుంచి 2 కిలోలు కలపాలి. ఇది మర్చిపోయినవాళ్లే చివర్లో పైకి తేలిపోతారు.

అసలైన పరీక్ష డైవ్ చివర్లో. పైకొచ్చేముందు 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాలు ఆగుతారు కదా, అప్పుడు గేజ్‌లో 50 బార్ దగ్గర, బీసీడీ దాదాపు ఖాళీగా, కాళ్లు ఆడించకుండా అక్కడే నిలవగలిగితే మీ అంకె సరైనది. పైకి లాగుతుంటే కిలో తక్కువైంది. నిలవడానికి బీసీడీలో గాలి పెట్టాల్సి వస్తుంటే ఎక్కువైంది. ఈ ఒక్క చూపుని మించిన లెక్క లేదు.

తరచూ జరిగే పొరపాట్లు

మునగడం లేదని వెంటనే సీసం కలపడం. మునగకపోవడానికి చాలాసార్లు బరువు కారణమే కాదు. టెన్షన్‌తో ఊపిరితిత్తుల నిండా గాలి పట్టుకుని ఉంటారు, సగమే వదులుతారు. దిగుతూ కాళ్లు ఆడిస్తారు, ఆ తన్నులే పైకి తోస్తాయి. బీసీడీలో ఒక మూల గాలి మిగిలి ఉంటుంది. ముందు పూర్తిగా ఊపిరి వదిలి, 4 సెకన్లు ఆగండి. ఎడమ భుజం పైకెత్తి గాలి గొట్టాన్ని నిలువుగా పట్టుకుని వదలండి. అప్పటికీ మునగకపోతేనే కిలో అడగండి.

“ఎందుకైనా మంచిది, ఇంకో 2 కిలోలు వేసుకో” అనే సలహా. పడవ మీద ఎవరో ఒకరు తప్పకుండా ఇస్తారు. వాళ్లకు మీరు తొందరగా మునిగితే చాలు. ఎక్కువ బరువు వేసుకుంటే దాన్ని మోయడానికి బీసీడీలో గాలి నింపాలి, ఆ గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుంది, తగ్గుతూ పెరుగుతూ అదుపు తప్పుతారు. నడుము కిందికి, ఛాతీ పైకి అయ్యి ఏటవాలుగా ఈదుతారు. ఫిన్స్ పగడాలకు తగులుతాయి. గాలి తొందరగా అయిపోతుంది. మీ జోడీ 80 బార్ మీద ఉండగానే మీరు 50కి వస్తుంటే ముందు బెల్టు అనుమానించండి.

సూట్ లోతులో నలుగుతుందని మర్చిపోవడం. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు, సూట్‌లోని బుడగలు నలిగి తేలే గుణం తగ్గుతుంది. అందుకే కింద బరువెక్కినట్టు అనిపిస్తుంది, అది మామూలే. లోతులో ఎలా అనిపించిందో చూసి వెయిట్లు తీసేయకండి, 5 మీటర్ల దగ్గర చూసి నిర్ణయించుకోండి.

పడవ ఎక్కేటప్పుడు తొందర. ముందు బీసీడీలో గాలి నింపుకుని బాగా తేలండి. చిన్న పడవైతే తర్వాత బెల్టు విప్పి, బకిల్ లేని కొస పట్టుకుని పడవవాళ్లకు అందించండి, వాళ్లు “పట్టుకున్నా” అన్నాకే వదలండి. ముందే వదిలితే అది అడుగున పగడాల మీద పడుతుంది. గాలి నింపుకోకుండా బెల్టుతో కుస్తీ పడటం అన్నిటికన్నా ప్రమాదం.

8. పడవ మీదే రాసుకోండి

రూముకెళ్లాక రాద్దామంటే మర్చిపోతారు. ఒక వరస చాలు, ఇలా:

“హావ్‌లాక్. 3 ఎంఎం ఫుల్ సూట్. అల్యూమినియం 11 లీటర్లు. 5 కిలోలు, బెల్టు. 5 మీటర్ల దగ్గర 50 బార్: నిలిచాను, కొంచెం బరువే. రేపు 4.5.”

ఇందులో ఏది మారినా అంకె మారుతుంది, అందుకే అన్నీ రాయాలి. ఉత్త “5 కిలోలు” అని రాసుకుని వచ్చే ఏడు కర్ణాటకలోని నేత్రాణి దీవికి పోయి 5 మిల్లీమీటర్ల సూట్ వేసుకుంటే ఆ అంకె పనికిరాదు. ఒంటి బరువు నాలుగైదు కిలోలు మారినా అదీ ఒక పక్కన రాయండి. మూడు నాలుగు డైవ్‌లకు మీ అంకె అరకిలో తేడాలోకి వచ్చేస్తుంది.

9. తిరుగు ప్రయాణం

చివరి డైవ్ అయ్యాక బీసీడీ జేబులన్నీ తడిమి చూడండి. వెనకవైపు చిన్న జేబులు మరీ ముఖ్యం. షాపువాళ్ల కిలో ముక్క అందులోనే ఉండిపోయి ఎయిర్‌పోర్టు దాకా వచ్చేయడం మామూలుగా జరిగేదే. వెయిట్లు లెక్కపెట్టి అప్పగించండి. మీ కీపర్లు షాపు బెల్టు మీద ఉండిపోయి ఉంటాయి, అవి తీసుకోండి.

ఒకటికన్నా ఎక్కువ డైవ్‌లు చేస్తే విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి. ఒక్క డైవే చేసుంటే కనీసం 12. ఆ సమయం మీ సామాన్లకూ కలిసొస్తుంది. బెల్టు, సూట్, బూట్లు మంచినీళ్లతో కడిగి నీడలో, గాలి తగిలేచోట వేలాడదీయండి. తడి సూట్ ఒక్కటే కిలోకి పైగా అదనం, అందుకే ముందు 13 దగ్గర ఆపమన్నాను. రాత్రి పడుకునేముందు ఒకసారి తిప్పివేయండి, సూట్ చంకల్లో, మోకాళ్ల దగ్గర తడి మిగిలిపోతుంది. పొద్దున బ్యాగు సర్దాక మళ్లీ కొక్కెం స్కేల్‌కి తగిలించండి. ఇంకా 15 దాటుతుంటే బూట్లు కాళ్లకు వేసుకోండి, రెగ్యులేటర్ చేతి బ్యాగులోకి మార్చండి, దాని బరువు కూడా 7 దాటకుండా చూసుకోండి.